ఓసీటీ చదవడం – 3వ పాఠం: అంకె కంటే ముందు గీతలు

ఓసీటీ అంటే కంటి వెనకపొర రెటీనాను కాంతితో కోతలుగా చూపే స్కాన్. కిందటి పాఠంలో రెటీనా పొరల్ని గుర్తుపట్టాం. ఈసారి మాక్యులా (రెటీనా నడిమి భాగం) మందం చూపే రంగుల మ్యాప్. రిపోర్టు చేతికి రాగానే కళ్లు దాని నడిమధ్య అంకె మీదికే పోతాయి. దాన్ని ఆఖరున చూడండి.

ఆ అంకె 1 మి.మీ. వ్యాసమున్న నడిమి వలయంలోని సగటు మందం, మైక్రాన్లలో. యంత్రం రెటీనా పైఅంచున ఒక గీత, అడుగున ఒక గీత గీసుకుని మధ్య దూరం లెక్కేస్తుంది. పైగీతతో గొడవ లేదు, అది రెటీనా అన్నిటికన్నా లోపలి పొర ఐఎల్ఎం. పేచీ అంతా అడుగు గీతదే. పాత స్ట్రాటస్ యంత్రం ఫోటోరిసెప్టర్ల (వెలుతురు పట్టే కణాల) దగ్గరే ఆగేది, సిర్రస్ యంత్రం వాటి కిందున్న ఆర్‌పీఈ పొర దాకా, స్పెక్ట్రాలిస్ యంత్రం దాని అడుగునున్న బ్రూక్ పొర దాకా వెళ్తాయి. అందుకే స్ట్రాటస్‌లో సుమారు 200 వచ్చే మామూలు కన్ను స్పెక్ట్రాలిస్‌లో 270 చూపుతుంది. పేషెంటు పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో, ఈ నెల కూకట్‌పల్లిలో స్కాన్ తీయించుకుంటే, వాపు పెరిగిందనే ముందు రెండు యంత్రాలూ ఒకటేనా చూడండి.

తర్వాత సిగ్నల్, అంటే స్కాన్ ఎంత బాగా వచ్చిందో చెప్పే మార్కు. సిర్రస్‌లో 10కి 6 కన్నా తక్కువైతే మళ్లీ తీయాల్సిందే. ఏసీ గదిలో కన్ను ఎండిపోవడమే తరచూ కారణం: ఒక చుక్క కృత్రిమ కన్నీరు వేసి, నాలుగుసార్లు రెప్పలు ఆర్పమనండి. శుక్లం ఉంటే కిరణం కంటిపాపలోకి వెళ్లే చోటు కొద్దిగా జరపండి. యంత్రం లెన్స్ మీద వేలిముద్ర ఉందేమో కూడా చూసుకోండి!

ఇప్పుడు అసలు పని. సిర్రస్ 512×128 క్యూబ్ స్కాన్‌లో 128 అడ్డుకోతలుంటాయి, అన్నీ తిప్పి చూడండి. పెద్ద సిస్టు (నీటి సంచి) ఉన్నచోట అడుగు గీత దాని గోడకే అతుక్కుంటుంది, మందం తక్కువగా వస్తుంది. ఎక్సుడేట్ (కారి పేరుకున్న కొవ్వు) నీడలో గీత తప్పిపోతుంది. రెటీనా పైన వేరే పొర పెరిగిన కంట్లో పైగీత రెటీనాను వదిలి ఆ పొరను పట్టుకుంటుంది. మ్యాప్‌లో ఎరుపంటే మందం, నీలమంటే పలచన; ఎర్రటి వాపు మధ్యలో ఉన్నట్టుండి నీలం మచ్చ కనిపిస్తే ముందు గీతనే అనుమానించండి. ఎక్కువ మైనస్ పవర్ కళ్లలో స్కాన్ అంచులు ఫ్రేమ్ పైకి దాటి తలకిందులుగా మడత పడతాయి. బొమ్మను ఫ్రేమ్‌లో కిందికి దించి మళ్లీ తీయండి.

చూపు పక్కకు పోతే వలయం ఫోవియా గుంటను (మాక్యులా నడిమధ్య పల్లాన్ని) తప్పి దాని చుట్టూ ఉన్న మందమైన భాగం మీద పడుతుంది. వాపు లేకున్నా అంకె పెరుగుతుంది. "అమ్మా, లోపలి గుర్తునే చూడండి" అనండి, పాతబస్తీ పేషెంటైతే "ఇధరీచ్ దేఖో". గీతల్ని చేత్తో సవరించవచ్చు గానీ, పేషెంటు ఇంకా కుర్చీలోనే ఉంటే మళ్లీ తీయడమే తొందరగా అవుతుంది.

అభ్యాసం: షుగర్ పేషెంట్ల స్కాన్లు ఐదు తీసుకుని, అంకె మూసిపెట్టి, గీత తప్పిన కోతల నంబర్లు రాయండి. 4వ పాఠంలో నీరు రెటీనా లోపల ఉందా, కింద ఉందా తేల్చుదాం.