అడవి రోడ్డు, వాగు నీరు – 3వ పాఠం: రోడ్డు మీది నీటిని మధ్యలోనే దించేయడం

పోయిన పాఠంలో వాగుకు అటూ ఇటూ వదలాల్సిన రక్షణ పట్టీ గురించి చెప్పుకున్నాం. అమెరికాలోని జార్జియా రాష్ట్ర మార్గదర్శకాల ప్రకారం, ఏడాది పొడవునా పారే వాగుకైతే ఒడ్డు వాలు 20 శాతం లోపు ఉంటే 40 అడుగులు, 40 శాతం వరకు 70, ఆపైన 100 అడుగులు. చివర్లో ఒక ప్రశ్న వదిలాను: ఆ పట్టీలో ఎవరూ అడుగు పెట్టలేదు, ఒక్క చెట్టూ కొట్టలేదు, అయినా గట్టి వాన పడగానే వాగు ఎర్రగా పారుతోంది. ఎందుకు?

రోడ్డు వల్ల. కొండ మీద నుంచి దిగి వచ్చే మట్టి రోడ్డు పట్టీని దాటుకుని నేరుగా వాగులోకి దిగుతుంది. దాని మీద పారే నీటికి పట్టీ అడ్డే రాదు.

ఇది ఊహ కాదు. నార్త్ కరోలినాలోని నాంటహేలా జాతీయ అరణ్యంలో 1934లో మొదలైన కవీటా పరిశోధన కేంద్రం ఇప్పటికీ వాగు వాగునూ కొలుస్తూనే ఉంది. అక్కడ ఏడాదికి 1,800 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అంటే హైదరాబాద్ వర్షానికి రెట్టింపు. ఇన్నేళ్లుగా అక్కడ తేలిందేమిటంటే, అడవి పనుల వల్ల వాగులో చేరే మట్టిలో ఎక్కువ వాటా రోడ్లదే, కొట్టేసిన చెట్లది కాదు. చెట్టు పోయినా కింద ఆకుల పొర చెదరకుండా ఉంటే నేల నీటిని పీల్చుకుంటుంది. లారీలు, బుల్‌డోజర్లు తిరిగి గట్టిపడ్డ రోడ్డు మాత్రం పీల్చుకోదు.

ఎంత నీరో లెక్క వేద్దాం. 12 అడుగుల వెడల్పు, 500 అడుగుల పొడవున్న రోడ్డు మీద ఒక అంగుళం వాన పడితే 500 ఘనపుటడుగుల నీరు, సుమారు 14,000 లీటర్లు. మన ఊళ్లలో తిరిగే 5,000 లీటర్ల వాటర్ ట్యాంకర్లు మూడింటికి కాస్త తక్కువ. అదంతా ఒకే దారిన, వాలు వెంట వేగం పెంచుకుంటూ, చక్రాల గాడిలో కోత పెట్టుకుంటూ వాగు దగ్గర దిగుతుంది. అదే రోడ్డు మీద ప్రతి 150 అడుగులకీ నీటిని పక్కకు తిప్పితే ఒక్కో చోట దిగేది 4,200 లీటర్లే. అది కూడా ఆకుల పొర మీద. అంత నీటిని అడవి తాగేయగలదు.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఇదే: నీరు ఎక్కువై బలం పుంజుకునేలోపే దాన్ని రోడ్డు దించేయడం. వాగు దగ్గరికి వచ్చాక బురదను వడకట్టాలని చూడటం ఖర్చెక్కువ, ఫలితం తక్కువ పని. గడ్డి మోపులు, బట్ట కంచెలు వద్దని అనను, కానీ అవి చివరి వరస కాపలా మాత్రమే.

అట్లాంటా శివారు ఊళ్లు కమింగ్‌లో, ఆల్ఫరెట్టాలో ఉంటూ ఈ పాఠాలు చదివే మన కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. చట్టహూచీ నది పుట్టేది ఉత్తర జార్జియా కొండల్లో, అదే పేరున్న జాతీయ అరణ్యంలో. అది లానియర్ జలాశయంలోకి, అక్కడి నుంచి అట్లాంటా కుళాయిల్లోకి వస్తుంది. జాతీయ అరణ్యాలు దేనికో చెప్పిన 1897 నాటి చట్టంలోనే కలపతో పాటు నీటి ప్రవాహాలను కాపాడటం కూడా రాసి ఉంది. 1972లో వచ్చిన స్వచ్ఛ జల చట్టం తర్వాత ఆ బాధ్యత పద్ధతుల రూపంలోకి వచ్చింది. 2012లో అమెరికా అటవీ సేవా సంస్థ దేశంలోని తన అడవులన్నిటికీ ఒకే మార్గదర్శిని తెచ్చింది. అందులో రోడ్లకు విడిగా ఒక భాగమే ఉంది.

ఇక చేతి పని. ముందు వాలు కొలవాలి. ఫోన్‌లోని లెవెల్ యాప్ డిగ్రీలు చూపిస్తుంది, మనకు కావాల్సింది శాతం, అంటే 100 అడుగుల దూరానికి ఎన్ని అడుగులు దిగుతుందో. 5 డిగ్రీలు అంటే దాదాపు 9 శాతం, 45 డిగ్రీలు అంటే 100 శాతం. ఇక్కడే చాలామంది పొరబడతారు. అందుకే నాకు పాత పద్ధతే ఇష్టం. సరిగ్గా 100 అంగుళాల, వంకర లేని కర్ర తీసుకోండి. ఒక కొన రోడ్డు మీద ఆనించి, రెండో కొనను దిగువ వైపుకు చాపి, మేస్త్రీలు వాడే రసమట్టం పైన పెట్టి కర్రను సమం చేయండి. గాలిలో ఉన్న కొన నుంచి నేలకు ఎన్ని అంగుళాలు వస్తే వాలు అంత శాతం. 8 అంగుళాలు వస్తే 8 శాతం. గుంతలో కొలిస్తే తప్పు వస్తుంది కాబట్టి పది అడుగులకో చోట కొలిచి సగటు తీయండి.

బళ్లు తిరుగుతున్న రోడ్డుకు వాడేది వెడల్పాటి డిప్, అంటే రోడ్డుకు అడ్డంగా తీసే లోతు తక్కువ పల్లం. ఇది కవీటాలో రూపుదిద్దుకున్న పద్ధతే. దిగుతున్న రోడ్డును ఒక చోట ఆపి, సుమారు 20 అడుగుల మేర 3 శాతం ఎదురు వాలు ఇస్తారు. అడుగు భాగాన్ని బయటి అంచు వైపు మరో 3 శాతం వంచుతారు. లారీ డ్రైవరుకు బ్రేకు వేయాల్సిన పని ఉండదు, నీటికి మాత్రం ముందుకు దారి ఉండదు. అడుగున కంకర వేస్తే చక్రాలకు బురద కాదు. ఎంత దూరానికి ఒకటి అంటే, 400ను వాలు శాతంతో భాగించి 100 కలపండి, అన్ని అడుగులు. 4 శాతం వాలుకు 200 అడుగులు, 8 శాతానికి 150. వాలు 10 శాతం దాటితే డిప్ కుదరదు. ఎదురు వాలు మరీ నిటారుగా లేచి బళ్లకు ఇబ్బంది అవుతుంది.

పని ముగిసి మూసేసే రోడ్లకు, కలప లాగిన దారులకు అడ్డగట్టు వేస్తారు. దాన్నే వాటర్ బార్ అంటారు. దీని దూరాలు ఇంకా దగ్గర: 5 శాతం వాలుకు సుమారు 135 అడుగులు, 10 శాతానికి 80, 20 శాతానికి 45. రోడ్డుకు సరిగ్గా అడ్డంగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా, నీరు జారి బయటికి పోయేలా కట్టాలి. చెడిపోయిన అడ్డగట్లలో మామూలుగా కనిపించే లోపాలు రెండే. ఒకటి, పై కొసను కొండ గోడలోకి కలపకపోవడం. నీరు ఆ సందులోంచి చుట్టు తిరిగి మళ్లీ రోడ్డు ఎక్కుతుంది. రెండోది, కింది కొస తెరిచి ఉంచకపోవడం. అప్పుడు అక్కడ మడుగు కట్టి, ఒకరోజు గట్టు తెగి, వచ్చే నీరంతా ఒక్కసారే వస్తుంది. అలాంటి గట్టు లేకపోయినా ఇంతకన్నా నష్టం ఉండేది కాదు.

నీరు దిగే చోటు మీద నేను ఎక్కువ పట్టు పడతాను. పుస్తకాలు దూరాల పట్టికలకు ఇచ్చినంత చోటు దీనికి ఇవ్వవు. వాన వెలిశాక డిప్ కింద వంగి చూడండి. పని బాగుంటే రోడ్డు అంచు దాటగానే ఓక్ ఆకుల మీద సన్నటి మట్టి విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. మొదటి రెండు గజాల్లో ఇసుక, ఆ తర్వాత పుల్లల వెనక చిన్న చిన్న మేటలు, ఇంకాస్త దిగితే ఆకుల కింది వైపు మాత్రమే అంటుకున్న ఎర్ర పొడి. ఆపైన ఏమీ ఉండదు. ఆ "ఏమీ లేని చోటు" వాగుకు ఎంత ఎగువన ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. అలా కాకుండా అంచు దగ్గరే వేలెడు లోతు కాలువ మొదలై కిందకి పోతూ ఉంటే, దాని వెంటే నడవండి. అది వాగు దాకా చేరితే ఆ డిప్ ఉన్నా లేనట్టే. కొట్టిన కొమ్మలను అంచు కింద వాలుకు అడ్డంగా, నేలకు ఆనేలా పేరిస్తే ఆ పరుగు ఆగుతుంది. నేలకు ఆనాలి, అది ముఖ్యం. కొమ్మలు గాలిలో ఉంటే నీరు కిందినుంచి పోతుంది.

దిగే చోటుకూ వాగుకూ మధ్య ఎంత నేల ఉండాలి? న్యూ హాంప్‌షైర్ కొండల్లో కొలిచి ట్రింబుల్, సార్ట్జ్ అనే ఇద్దరు 1957లో ఇచ్చిన లెక్క సులువుగా గుర్తుంటుంది: 25 అడుగులు, దానికి తోడు కొండ వాలు ప్రతి ఒక్క శాతానికీ 2 అడుగులు. ఊరికి తాగునీరు ఇచ్చే వాగైతే మొత్తం రెట్టింపు.

ఇప్పుడు ఒక రోడ్డు మీద వేసి చూద్దాం. కొండ అంచు నుంచి వాగు దాటే చోటు వరకు 620 అడుగులు, వాలు 8 శాతం, వెడల్పు 12 అడుగులు. డిప్‌లు 150, 300, 450 దగ్గర పడతాయి. తర్వాతది 600 దగ్గర పడాలి. కానీ అక్కడి నుంచి వాగు 20 అడుగులే, నీరంతా వాగులోకే పోతుంది. కాబట్టి దాన్ని పైకి జరపాలి. ఆ చోట కొండ వాలు 20 శాతం అనుకుందాం. 25కు 40 కలిపితే 65 అడుగుల నేల కావాలి. టేపు పట్టుకుని నీరు పారబోయే దారిలో కొలిస్తే 520 దగ్గర 70 అడుగులు దొరికింది. నాలుగో డిప్ అక్కడే. ఇక వాగులోకి నేరుగా వచ్చేది చివరి 100 అడుగుల నీరు మాత్రమే, అంగుళం వానకు సుమారు 2,800 లీటర్లు. ఏ డిప్పూ లేకపోతే 17,500 పైన. ఆ చివరి 100 అడుగులకు మందంగా కంకర పరచాలి. డబ్బు తక్కువగా ఉంటే రోడ్డంతా పలచగా చల్లకుండా, ఉన్న కంకరంతా ఇక్కడే పోయండి.

పని ఎప్పుడు చేస్తున్నారన్నది కూడా లెక్కలోకే వస్తుంది. కవీటాలో 7వ నంబరు వాగు పరీవాహక ప్రాంతంలో 1976 వసంతంలో రోడ్లు వేశారు. అంతా తెలిసినవాళ్లు, పద్ధతి ప్రకారమే వేశారు. కొత్త మట్టి మీద గడ్డి పట్టుకోకముందే మే నెలలో భారీ వానలు పడ్డాయి. అప్పుడు వాగులో చేరిన మట్టి ఆ తర్వాత ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కిందకి కదులుతూనే ఉంది. కంకర సందుల్లో గుడ్లు పెట్టే బ్రూక్ ట్రౌట్ చేపకు ఆ సన్న మట్టే ప్రాణాంతకం. సందులు పూడుకుపోతే గుడ్లకు ప్రాణవాయువు అందదు. అందుకే ఒక రోజులో ఎంత రోడ్డు తవ్వగలరో అంత తవ్వకండి. సాయంత్రానికి ఎంత మేర నీటిదారి ఏర్పాటు, గడ్డి విత్తనం, పైన ఎండుగడ్డి పరచడం పూర్తి చేయగలరో అంతే తవ్వండి.

తనిఖీలో రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: అనుకున్నట్టు కట్టారా? కట్టింది పనిచేసిందా? మొదటిదానికి ఎండలో వెళ్లినా జవాబు దొరుకుతుంది. రెండోదానికి వానలోనో, వాన వెలిసిన వెంటనేనో వెళ్లాల్సిందే.

వచ్చే వారానికి ఇంటిపని. పై ఉదాహరణలోని వాగు లానియర్‌లోకి పోతుందనుకోండి, అంటే రెట్టింపు లెక్క వర్తిస్తుంది. అప్పుడు నాలుగో డిప్‌కు 130 అడుగుల నేల కావాలి. అంత నేల 455 అడుగుల దగ్గర గానీ దొరకదు, అక్కడ ఇప్పటికే మూడో డిప్ ఉంది. నాలుగోది తీసేస్తే వాగులోకి నేరుగా పారే రోడ్డు 100 నుంచి 170 అడుగులకు పెరుగుతుంది. ఉంచితే నేల చాలదు. మీరైతే ఏం చేస్తారు? నాలుగో డిప్ కింద ఏం పేరుస్తారు, ఎంత కంకర అడుగుతారు, మూడోదాన్ని జరుపుతారా? మూడు రకాలుగా గీసి, ఒక్కో దానికి అంగుళం వానకు వాగులో పడే లీటర్లు పక్కన రాయండి. 4వ పాఠంలో, రోడ్డు వాగును దాటే చోట తూము ఎంత పెద్దది వేయాలో చూసేటప్పుడు ఆ బొమ్మలే వాడతాం.