పాత టెర్మినల్ మూయకండి: పండగ సెలవుల ముందు సర్వర్ ముట్టుకునేవాళ్లకు

మొన్న హన్మకొండలో మా పక్క ఆఫీసు కుర్రాడు సద్దుల బతుకమ్మకు తాడ్వాయి పోవాలని బ్యాగు సర్దుకున్నాడు. పోయే ముందు ఒక మంచి పని చేద్దామని ముంబైలో ఉన్న సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ తీసేశాడు. సర్వీస్ రీస్టార్ట్ చేశాడు, ‘ఎగ్జిట్’ కొట్టాడు. మళ్లీ లాగిన్ అయితే ‘పర్మిషన్ డినైడ్’. పాస్‌వర్డ్‌కు బదులు లాగిన్‌కు వాడే ఫైలు, అంటే తన కీని సర్వర్‌లోకి ఎక్కించనే లేదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు గుంజినట్టయింది. సర్వర్ ఆపి, డిస్క్ ఊడదీసి, ఇంకో మెషిన్‌కు తగిలించి ఆ ఒక్క లైన్ సరిచేసేసరికి రాత్రి పదకొండు. బస్సు ఎప్పుడో పోయింది.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోండి లాంటివి మళ్లీ చెప్పను. నేను ఇన్నేళ్లుగా చూస్తున్న తప్పు ఒక్కటే: కొత్త లాగిన్ పని చేస్తుందో లేదో చూడకుండా పాత టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) మూసేయడం.

ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతితో, లోపలికి వెళ్లాక మీ కనెక్షన్‌కు విడిగా ఒక ప్రాసెస్ నడుస్తుంది. సర్వీస్ రీస్టార్ట్ చేసినా మామూలుగా అది తెగదు. కొత్త సెట్టింగ్ కొత్తగా వచ్చేవాళ్లకే వర్తిస్తుంది. అంటే లాగిన్ సెట్టింగ్‌లో మీరు ఏం పాడు చేసినా, తెరిచి ఉన్న ఆ టెర్మినల్‌లోంచే బాగు చేసుకోవచ్చు. దాన్ని మూశారా, ఇక సులువైన దారి లేదు.

మార్చే ముందు: సెట్టింగ్ ఫైలుకు కాపీ తీయండి. ఫైలు మార్చాక, సర్వీస్ రీస్టార్ట్ చేసే ముందు ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డి -టి’ కొట్టండి, చిన్న టి (సుడో అంటే అడ్మిన్ అధికారంతో కమాండ్ నడపడం). ఫైల్లో తప్పుంటే చెబుతుంది. అదే పెద్ద టి కొడితే చివరికి ఏ సెట్టింగ్ అమల్లో ఉందో చూపిస్తుంది. ఇది ముఖ్యం. ఉబుంటు క్లౌడ్ సర్వర్లలో, సర్వర్ మొదటిసారి లేచినప్పుడు సెట్టింగ్‌లు పెట్టే క్లౌడ్-ఇనిట్ రాసిన చిన్న ఫైలు ఒకటి పక్క ఫోల్డర్‌లో ఉండొచ్చు. ముందు చదివిన విలువే చెల్లుతుంది కాబట్టి, మీరు పెద్ద ఫైల్లో ‘నో’ అని రాసినా, అందులో ‘యెస్’ ఉంటే అదే గెలుస్తుంది.

రీస్టార్ట్ చేశాక: రెండో టెర్మినల్ తెరిచి లాగిన్ అవ్వండి. ఇక్కడొక మోసం ఉంది. మీ లాప్‌టాప్‌లో కంట్రోల్‌మాస్టర్ (ఒకే కనెక్షన్‌ను మళ్లీ మళ్లీ వాడే ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్) పెట్టుకుని ఉంటే, రెండో లాగిన్ పాత కనెక్షన్ మీదే వెళ్లిపోతుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఫోన్ నుంచో, పక్కవాడి మెషిన్ నుంచో చూడండి. అందులో మీ కీ లేకపోతే, మీ లాప్‌టాప్‌లోనే కంట్రోల్‌పాత్ అనే ఆప్షన్‌కు ‘నన్’ ఇచ్చి, పాత కనెక్షన్ వాడకుండా లాగిన్ అయి చూడండి. సుడో కూడా పని చేస్తుందో చూడండి. అప్పటిదాకా పాత టెర్మినల్ మూయకండి.

ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు, ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వాడే 22 పోర్ట్ తెరవండి. ఆన్ చేసేటప్పుడు, అయిదు నిమిషాల తర్వాత అదే ఆగిపోయేలా టైమర్ పెట్టండి. లాగిన్ కుదిరాకే టైమర్ తీయండి. పాత టెర్మినల్ మూయకండి. పోర్ట్ నంబర్ మారిస్తే ఫైర్‌వాల్‌లో కూడా మార్చండి, క్లౌడ్ ప్యానెల్‌లో కూడా. ప్రైవేట్ కీ వాట్సాప్‌లో పంపకండి, పంపాల్సింది ‘.పబ్’ ఫైలే. ‘హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారింది’ అని హెచ్చరిక వస్తే, మీ మెషిన్‌లో సేవ్ అయి ఉన్న ఆ సర్వర్ పాత గుర్తింపు లైన్ చెరిపేసి ముందుకు పోకండి, సర్వర్ చూసుకునే మనిషికి ఫోన్ చేయండి. వాన మొదలైతే మన దగ్గర నెట్ సంగతి తెలిసిందే, అప్‌గ్రేడ్‌లు టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా సర్వర్‌లో పని ఆగకుండా నడిపించే ప్రోగ్రామ్) పెట్టి చేయండి. ‘రీబూట్’ కొట్టే ముందు ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్ టైప్ చేసే లైన్ మొదట్లో, మెషిన్ పేరు చదవండి. పైకి చదవండి. క్లౌడ్ కన్సోల్ పాస్‌వర్డ్ ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. పాత టెర్మినల్ మూయకండి. సెలవు రేపనగా ఇవాళ ఏ సెట్టింగూ ముట్టుకోకండి. బస్సెక్కాక ఫోన్‌లోంచి అసలే వద్దు. ములుగు దాటి అడవిలోకి పోయాక సిగ్నల్ ఎక్కడ పోతుందో మీకే తెలియదు.