చేపల తొట్టి నీటితో తడిసే మడి: కట్టే ముందు జాగ్రత్తలు

ఈ మడిలో చేపల తొట్టి నీరు అడుగున నిలిచి, మట్టిని కింది నుంచి పైకి తడుపుతుంది. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి మనకు తెలిసిందే. అందుకే తొట్టి కొనకముందే నీటిని పరీక్ష చేయించండి. ఫ్లోరైడుతో పాటు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు) కూడా చూడాలి. పీహెచ్ 8 దాటితే చేపల విసర్జనలోని అమ్మోనియా మరింత విషమవుతుంది, మన మే నెల ఎండ దానికి తోడవుతుంది. వాన నీటిని పట్టి కలుపుకోవడమే నాకు నచ్చిన దారి.

– బరువు లెక్క వేశారా? లీటరు నీరు కిలో. 500 లీటర్ల తొట్టి అంటే అర టన్ను. తడి మట్టి, కంకర అదనం. పాత మిద్దె అయితే ఇంజనీరు చూడకుండా ఎక్కించవద్దు.

– కంకర మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టే. అది పీహెచ్ పెంచుతుంది, వద్దు.

– రసాయనాలు నింపిన పాత డ్రమ్ములు ఎంత చవకైనా వద్దు.

– మడి అడుగున నీటి అర, దానిపై గుడ్డ, ఆపైన మట్టి. మట్టి మందం 30 సెంటీమీటర్లు మించితే తడి పైదాకా సరిగా ఎక్కదు. నీటి అర పైఅంచు దగ్గర పొంగు గొట్టం (ఎక్కువైన నీరు బయటికి పోయే గొట్టం) తప్పనిసరి. అది లేకపోతే ఒక్క పెద్ద వానకే వేర్లు కుళ్లుతాయి. ఆ గొట్టం నీటిని చెట్లకు మళ్లించండి, చేపల తొట్టిలోకి మాత్రం తిరిగి పంపవద్దు.

– పురుగుమందులే కాదు, వేపనూనె కూడా చేపలకు హాని చేస్తుంది. చల్లే అలవాటున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

– కరెంటు పోతే గాలి అందించే బ్యాటరీ పంపు సిద్ధంగా ఉండాలి.

– అమ్మోనియాను తక్కువ హానికరంగా మార్చే మేలుచేసే బ్యాక్టీరియా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు తొట్టి నిండా చేపలు వేయకండి.