కట్లపాము కాటు: వెంటిలేటర్ ఎవరికి అవసరమవుతుందో ముందే పసిగట్టేందుకు జాగ్రత్తలు

తొలకరి పడిందంటే పల్లెల్లో పాము కాట్లు పెరుగుతాయి. వాటిలో కట్లపాము కాటు తీరు వేరు. అది రాత్రివేళ ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు పడిన చోట నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాట్లు సైతం కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితోనో వాంతులతోనో లేచిన మనిషికి కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటే, గ్యాస్ అనో పక్షవాతం అనో కాలయాపన చేయకుండా వానాకాలంలో మొదట కట్లపామునే అనుమానించాలి. మంచం మీద, అంచులను పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

ఈ విషం నరాల చివరలను దెబ్బతీసి, కండరాలకు సంకేతాలు అందకుండా చేస్తుంది. ఊపిరితిత్తులకు ఏ జబ్బూ ఉండదు, వాటిని ఆడించే కండరాలే చచ్చుబడతాయి. అందువల్ల రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే ఆక్సిమీటర్‌ను వేలికి తగిలిస్తే 98 కనిపిస్తోందని నిశ్చింతగా కూర్చోవడమే, నా అభిప్రాయంలో, ఇక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. ఆ అంకె బాగా ఆలస్యంగా పడిపోతుంది. ముఖానికి ఆక్సిజన్ పెట్టి ఉంటే, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా అంకె కదలకపోవచ్చు.

చూడవలసినది కండరాలను. ఈ చచ్చుబాటు సాధారణంగా పైనుంచి కిందికి దిగుతుంది: ముందు రెప్పలు వాలతాయి, తరువాత ఒకటి రెండుగా కనిపిస్తుంది, ఆపై నోరు తెరవడం, నాలుక చాపడం, మింగడం కష్టమవుతాయి, మెడ నిలవదు, చివరకు శ్వాస మందగిస్తుంది. రెప్పలు వాలినంత మాత్రాన అందరికీ వెంటిలేటర్ అవసరం రాదు. కానీ గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారి, ఉమ్మి మింగలేక నోట్లో నిలిచిపోతూ, వెల్లకిలా పడుకున్న రోగి దిండు మీది నుంచి తల ఎత్తలేకపోతున్నాడంటే శ్వాస కండరాల వంతు దగ్గరపడినట్టే లెక్క.

దీన్ని కొలవడానికి యంత్రమేమీ అక్కరలేదు. రోగి చేత గట్టిగా గాలి పీల్పించి, ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టించాలి. 30 దాటితే సాధారణంగా పరవాలేదు. అయితే ఒక్క అంకెకంటే అది ఎటు పోతోందన్నది ముఖ్యం: గంట క్రితం 32 చెప్పిన మనిషి ఇప్పుడు 20 దగ్గరే ఆగిపోతే, చూడటానికి హాయిగా ఉన్నా సరే, వెంటిలేటర్‌కు ఏర్పాట్లు మొదలుపెట్టాలి. ప్రతిసారీ ఒకే భంగిమలో, ఒకే వేగంతో చెప్పించి, సమయంతో సహా కేస్ షీటులో రాయాలి. లెక్క రాని పసిపిల్లల్లో ఏడుపు బలం తగ్గడాన్ని, మెడ వాలిపోవడాన్ని గమనించాలి. ఛాతీ పైకి లేచినప్పుడు పొట్ట లోపలికి పోతున్నా, రోగి చెమటలు పట్టి మగతలోకి జారుతున్నా ఇక పరీక్షలతో పని లేదు, వెంటనే శ్వాస కోసం గొంతులో గొట్టం వేయాలి.

పాము విషానికి విరుగుడైన యాంటీవీనం తొలి మోతాదు 10 వయల్స్ (మందు సీసాలు), పిల్లలకైనా అంతే. అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గాని అప్పటికే దెబ్బతిన్న నరాన్ని బాగుచేయలేదు. నాగుపాము కాటులో తరచుగా పనిచేసే నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ కట్లపాము విషయంలో సాధారణంగా ఫలితమివ్వదు. కాబట్టి మందు ఇచ్చాం, చూద్దాం అని ఆగకూడదు. నరాలు కోలుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంతకాలం శ్వాస ఆగకుండా వెంటిలేటర్‌తో నిలబెడితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మొదట బాగానే ఉన్నవారిని సైతం కనీసం 24 గంటలు పరిశీలనలో ఉంచాలి, ఎందుకంటే లక్షణాలు గంటల తరువాత మొదలుకావచ్చు.

వెంటిలేటర్ లేని చోటి నుంచి పంపేటప్పుడు మింగలేని రోగికి గొట్టం వేసిన తరువాతే బయలుదేరదీయడం మేలు. అది వీలుకాకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) వాడగలిగిన మనిషిని వెంట పంపాలి. నోటితో నీళ్లు, పసరు ఏవీ పట్టకూడదు, కట్లు బిగించకూడదు, నిద్రమందులు ఇవ్వకూడదు. కంటిపాపలు పెద్దవై వెలుగుకు స్పందించకపోయినంత మాత్రాన ప్రాణం పోయిందని ప్రకటించకూడదు. ఈ విషమే ఆ స్థితిని తెస్తుంది, లోపల స్పృహ ఉండవచ్చు. వెంట పంపే చీటీలో కాటు పడిందనుకుంటున్న సమయం, ఇచ్చిన వయల్స్, ఊపిరి లెక్కలు వరుసగా రాసి, అవతలి ఆసుపత్రిలో వెంటిలేటర్ ఖాళీగా ఉందో లేదో బండి కదలకముందే ఫోన్‌లో నిర్ధారించుకోవాలి.