ల్యాప్‌టాప్ విప్పుదాం – 4వ పాఠం: ఫ్యాన్ మార్చడం

పోయిన పాఠంలో కింది మూత విప్పి, రాగి గొట్టం చివర జాలీలో పేరుకున్న దుమ్ము దులిపాం. దాంతోనే చప్పుడు ఆగిపోయినవాళ్లకు ఫ్యాన్ కొనే పని లేదు. ఇంకా మోగుతుంటే, ముందు ఆ మోత ఎలాంటిదో వినండి.

గరగరమంటే బేరింగ్ అరిగింది. మెషిన్ ఆపి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, రెక్కను వేలితో మెల్లగా తిప్పండి. బాగున్న ఫ్యాన్ నునుపుగా తిరిగి ఆగుతుంది, అరిగినది పట్టి పట్టి ఆగుతుంది. టకటకమంటే చాలాసార్లు ఏదో తీగో, ఊడిన స్టిక్కరో రెక్కకు తగులుతోందన్నమాట. చిన్న టేపు ముక్కతో పోతుంది. ఎప్పుడూ పూర్తి వేగంతో హోరుమంటోందా? ఫ్యాన్‌ను తప్పుపట్టకండి, ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి అందించే పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తే గరగర కొన్నాళ్లు తగ్గుతుంది. ఆ లోపు కొత్తది తెప్పించుకోవచ్చు, అంతకు మించి దాన్ని నమ్మను.

కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒకే మోడల్లో విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్నదానికి ఒక ఫ్యాన్, లేనిదానికి ఇంకొకటి రావచ్చు. పాత ఫ్యాన్ మీద అంటించిన లేబుల్‌ను ఫోటో తీసుకోండి. ఎన్ని వోల్టులు (చాలావాటికి 5), ఎన్ని ఆంపియర్లు, పార్ట్ నంబరు అన్నీ అక్కడే ఉంటాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాళ్లు పాత ఫ్యాన్‌నే జేబులో వేసుకెళ్లండి. నోటితో చెప్పేకన్నా వస్తువు చూపిస్తే బేరం సగం తేలిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు: తీగలు. ప్లగ్గు సాకెట్లో పట్టిందంటే ఫ్యాన్ సరిపోయిందని కాదు. మూడు తీగలుంటే ఒకటి కరెంటు, ఒకటి గ్రౌండు, మూడోది ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకు చెప్పేది. నాలుగోది ఉంటే, బోర్డు దాని ద్వారా ఫ్యాన్ వేగాన్ని అదుపు చేస్తుంది. వీటి వరస కంపెనీకో రకంగా ఉంటుంది, రంగులు కూడా అంతే. ఎర్రదంతా కరెంటు, నల్లదంతా గ్రౌండు అని గుడ్డిగా పోతే 5 వోల్టులు వెళ్లకూడని కాలికి (పిన్నుకు) వెళ్తాయి, ఫ్యానో బోర్డో పోతుంది. నాలుగు తీగల బోర్డుకు మూడు తీగల ఫ్యాన్ పెడితే, తిరిగినా సాధారణంగా ఎప్పుడూ పూర్తి వేగంలోనే తిరుగుతుంది. రాత్రిపూట పనిచేసేవాళ్లకు అది భరించలేని మోత.

బోర్డు వైపు గ్రౌండు కనుక్కోవడం తేలిక. బ్యాటరీ, చార్జరు రెండూ తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొసను స్క్రూ రంధ్రం చుట్టూ ఉన్న లోహానికి, ఇంకోటి సాకెట్ కాళ్లకు ఒక్కొక్కదానికీ తాకించండి. కూసినది గ్రౌండు. మిగతా వాటికి పాత ఫ్యాన్, కొత్త ఫ్యాన్ రెండింటి డేటాషీట్లూ (ఏ తీగ దేనికో కంపెనీ రాసిచ్చే కాగితాలు) పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. వరస తేడా ఉంటే తీగలు కత్తిరించక్కర్లేదు. ప్లగ్గు పక్కన చిన్న ప్లాస్టిక్ నాలుకలుంటాయి. సూదితో వాటిని కాస్త పైకెత్తితే తీగ కొసన ఉన్న లోహపు ముక్క వెనక్కి జారి వస్తుంది. సరైన గదిలోకి తోసేయండి.

ప్లగ్గు పీకేటప్పుడు తీగలు పట్టుకుని లాగొద్దు. మొదటిసారి నేను అదే చేశాను, సాకెట్టే బోర్డు నుంచి లేచి వచ్చింది. దాన్ని తిరిగి సోల్డర్ చేసేసరికి ఒక ఆదివారం అయిపోయింది. రెండు గోళ్లతో ప్లగ్గు భుజాలు పట్టి, అటో కొంచెం ఇటో కొంచెం కదిలిస్తూ తీయండి.

ఫ్యాన్ విడిగా ఉంటే రెండు మూడు స్క్రూలతో పని అయిపోతుంది. రాగి గొట్టంతో కలిసి ఒకే ముక్కగా ఉంటే, హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలు ఉంటాయేమో చూడండి. విప్పేటప్పుడు చివరి అంకె నుంచి, బిగించేటప్పుడు మొదటి అంకె నుంచి, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ నడిమధ్య కందిగింజంత కొత్త పేస్టు పెట్టండి.

మూత బిగించకముందే బ్యాటరీ తగిలించి ఆన్ చేయండి. చాలా మెషిన్లలో ఆన్ చేయగానే ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. తిరక్కపోతే వెంటనే ఆపేయండి. థింక్‌ప్యాడ్‌లలోనైతే ‘ఫ్యాన్ ఎర్రర్’ అని చూపించి మెషిన్ ఆగిపోతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఈ మాట కనిపిస్తే, వేగం చెప్పే తీగ తప్పు గదిలో పడిందేమో చూడండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేసి రండి: పది నిమిషాలు వీడియో నడిపి ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలకు చేరిందో రాసుకోండి. ఫ్యాన్ వేగాన్ని మనమే ఎలా నిర్ణయించాలో ఆ అంకె నుంచే మొదలుపెడదాం.