ఎమ్మారైలో కొవ్వు అణగనప్పుడు ఎక్కడ వెతకాలి

ఆదోని, పత్తికొండ వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి కర్నూలుకు వచ్చిన రోగి మిషన్‌లో పడుకొని ఉండగా ఫ్యాట్ శాట్ (కొవ్వు సిగ్నల్‌ను అణచి, కొవ్వును నల్లగా చూపే పద్ధతి) బొమ్మ పాడైతే, అదే సీక్వెన్సును, అంటే ఆ బొమ్మ తీసే స్కాన్‌ను, వెంటనే మళ్లీ నడపడం మా టెక్నీషియన్లకు ఉన్న చెడ్డ అలవాటు. కారణం తెలుసుకోకుండా నడిపిన రెండో బొమ్మ కూడా సాధారణంగా మొదటిదానిలాగే వస్తుంది. అందువల్ల రిపీట్ నొక్కే ముందు కొవ్వు బొమ్మంతటా అణగలేదా, ఒక అంచున మాత్రమే అణగలేదా, లేక ఏదో ఒక చోటు చుట్టూ మిగిలిపోయిందా అన్నది చూడాలి.

బొమ్మంతటా అణగకపోతే మొదట సెంటర్ ఫ్రీక్వెన్సీని, అంటే నీటి సిగ్నల్‌దని మిషన్ ఎంచుకున్న ఫ్రీక్వెన్సీని, అనుమానించాలి. నీటికీ కొవ్వుకూ మధ్య ఫ్రీక్వెన్సీ తేడా సుమారు 3.5 పీపీఎం (పది లక్షల్లో 3.5 వంతులు), అంటే 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మిషన్‌లో 220 హెర్ట్జ్, 3 టెస్లాలో 440 హెర్ట్జ్ మాత్రమే. ప్రీస్కాన్ (స్కాన్‌కు ముందు మిషన్ చేసుకొనే సర్దుబాటు) ఫ్రీక్వెన్సీ గ్రాఫులోని కొవ్వు శిఖరాన్నే నీరని పొరబడితే, కొవ్వును అణచవలసిన రేడియో పల్స్ కొవ్వును దాటి ఇంకా కింది ఫ్రీక్వెన్సీకి పోయి దేన్నీ తాకదు. కొవ్వు తెల్లగానే మిగులుతుంది. కొవ్వుకు బదులు కండరం, కీలులోని నీరు నల్లబడితే మాత్రం పల్స్ నీటి మీదే పడిందన్నమాట. రెండు సందర్భాల్లోనూ మాన్యువల్ ప్రీస్కాన్ తెరిచి శిఖరాలను కంటితో చూడాలి. రొమ్ము, లావుపాటి తొడ వంటి చోట్ల కొవ్వు శిఖరమే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎత్తును నమ్మకుండా, ఎక్కువ ఫ్రీక్వెన్సీ వైపున్న శిఖరాన్నే నీరుగా ఎంచుకోవాలి.

అంచున అణగకపోవడానికి ప్రధాన కారణం అయస్కాంత క్షేత్రం అక్కడ సమంగా లేకపోవడం. భుజం స్కాన్లో ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు, ఎందుకంటే భుజం మిషన్ మధ్య నుంచి పక్కకు తొలగి ఉంటుంది. రోగిని రెండో వైపుకు జరిపి, నొప్పి ఉన్న భుజాన్ని వీలైనంత మధ్యకు తేవాలి. షిమ్ పెట్టెను (క్షేత్రాన్ని ఎక్కడ సమం చేయాలో మిషన్‌కు చూపే తెర మీది గడిని) చూడవలసిన భాగం మీదే ఉంచి, బయటి గాలి, ఊపిరితిత్తి అందులోకి రాకుండా కుదించాలి. మెడ, మోకాలు, వేళ్ల వంటి వంపులున్న చోట్ల పొడి బియ్యం సంచులు చుట్టడం మంచి ఉపాయం. జపాన్‌లో మోకాలి స్కాన్లకు దీన్ని పరీక్షించి, ఫలితం బాగుందని ప్రచురించారు. పొడి బియ్యం నుంచి సిగ్నల్ దాదాపు రాదు, పైగా చర్మానికీ గాలికీ మధ్యనుండే అయస్కాంత తేడా చర్మం నుంచి కొంత దూరం జరుగుతుంది. సోనా బియ్యానికి కొదవ లేని మా ఊళ్లో ఇది ఖర్చులేని పని; సంచికి స్టేప్లర్ పిన్నులు లేకుండా చూసుకుంటే చాలు.

కొవ్వు ఒక చోటు చుట్టూ మిగిలిపోతే లోహాన్ని అనుమానించాలి. పిన్నులంటే ఒక సంగతి చెప్పాలి. ఒకామె భుజం బొమ్మలో ఛాతీ వైపు మూల నల్లని గుంట, దాని చుట్టూ తెల్లని అంచు కనిపించాయి. షిమ్ రెండుసార్లు మార్చినా అది పోలేదు. బయటికి తెచ్చి "తాళికి పిన్నీసులేమన్నా పెట్టుకున్నారామ్మా?" అని అడిగితే, "రెండు ఉండాయి సామీ, అవి గూడా తీయాల్నా?" అన్నది. గుమ్మం దగ్గరే ఆపవలసిన ఆ పొరపాటు నాది. బొమ్మ సంగతి అటుంచి, అది భద్రతకే ముప్పు.

తీయడానికి వీల్లేని లోహం, అంటే విరిగిన ఎముకకు వేసిన ప్లేటు, రాడ్డు వంటివి ఉన్నప్పుడు, అది మిషన్‌కు సురక్షితమని నిర్ధారించుకున్నాక ఫ్యాట్ శాట్‌ను పూర్తిగా వదిలి, కొవ్వును అణచే మరో పద్ధతి అయిన స్టిర్‌కు మారడమే నా సలహా. స్టిర్ ఫ్రీక్వెన్సీ తేడా మీద కాక టీ1 (పల్స్ తర్వాత కణజాలం మళ్లీ మామూలు స్థితికి రావడానికి పట్టే కాలం) మీద ఆధారపడుతుంది. ఇన్వర్షన్ టైమ్ (స్టిర్ మొదటి పల్స్ తర్వాత బొమ్మ తీయడానికి ఆగే సమయం) 1.5 టెస్లాలో సుమారు 150 నుంచి 170 మిల్లీసెకన్లు, 3 టెస్లాలో 200 దాటి ఉండాలి. దానితోపాటు బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ అందుకొనే ఫ్రీక్వెన్సీల వెడల్పు) పెంచి, స్లైసు (బొమ్మ తీసే పొర) పలుచన చేయాలి. 0.3 టెస్లా ఓపెన్ మిషన్‌లో నీటికీ కొవ్వుకూ దూరం 45 హెర్ట్జే కాబట్టి అక్కడ లోహం లేకపోయినా స్టిరే దిక్కు.

అయితే గడోలినియం (బొమ్మలో గడ్డలు మెరిసేలా నరంలోకి ఇచ్చే మందు) ఎక్కించాక స్టిర్ వాడకూడదు. మందు తీసుకున్న గడ్డ టీ1 తగ్గి కొవ్వు టీ1కు దగ్గరైతే, గడ్డ కూడా కొవ్వుతోపాటే మాయమవుతుంది. అప్పుడు ఫ్యాట్ శాట్ గానీ, నీటి బొమ్మను, కొవ్వు బొమ్మను విడివిడిగా ఇచ్చే డిక్సన్ గానీ తీయాలి. డిక్సన్‌లో ఒక భాగం అకస్మాత్తుగా తారుమారై, నీటి బొమ్మలో కొవ్వు కనిపిస్తే, దాన్ని రోగం అనుకోకుండా అదే స్లైసు కొవ్వు బొమ్మను పక్కన పెట్టి చూడాలి. పోయిన నీరు అక్కడ దొరుకుతుంది. రిపోర్టు రాసే డాక్టరుకు రెండు బొమ్మలూ తప్పక పంపాలి.