పంపుతూనే వినే రేడియో – 3వ పాఠం: సొంత హోరును కేబుల్‌తో కొట్టేయడం

కిందటి పాఠంలో లెక్క తేలింది. 20 డీబీఎం (100 మిల్లీవాట్ల) శక్తితో పంపుతూ, అదే ఫ్రీక్వెన్సీలో 20 మెగాహెర్ట్జ్ వెడల్పున వినాలంటే రిసీవర్ రొద −95 డీబీఎం దగ్గరుంటుంది. అంటే మన సిగ్నల్‌ను మనమే 115 డీబీ అణచాలి (ప్రతి 10 డీబీకి శక్తి పదో వంతవుతుంది). మొత్తం సాఫ్ట్‌వేర్‌కు వదిలేద్దామంటే కుదరదు. 12 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్) కాగితం మీద ఇచ్చేదే 74 డీబీ. దాన్ని సొంత హోరు నింపేస్తే, దూరం నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ అంకెల్లోకే ఎక్కదు. 2013లో స్టాన్‌ఫర్డ్ బృందం వైఫై మీద 110 డీబీ సాధించినప్పుడు కూడా అందులో 60 దాకా అనలాగ్ దశలోనే, అంటే అంకెలుగా మారకముందే, తీసేసింది. మనం ఈ పాఠంలో, పంపే సిగ్నల్ నకలును ఒక్క కేబుల్ దారిలో తెచ్చి, గాలిలో వచ్చే హోరుకు తలకిందులుగా కలిపి 30 డీబీ తీద్దాం. యాంప్లిఫైయర్ ఏదీ వద్దు, నానోవీఎన్ఏ (ఒక పోర్టు నుంచి సిగ్నల్ పంపి, రెండో పోర్టులో ఎంత చేరిందో గీతగా చూపే చిన్న కొలత పరికరం) వదిలే కొద్దిపాటి శక్తే చాలు.

సామాను కోసం ఊరు దాటక్కర్లేదు. కర్నూలులోనైనా కడపలోనైనా కేబుల్ టీవీ సామాను అమ్మే కొట్లో రెండు దారుల స్ప్లిటర్లు రెండు, 0–20 డీబీ వేరియబుల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను కావలసినంత తగ్గించేది) ఒకటి, ఆర్‌జీ-6 కేబుల్ ఐదు మీటర్లు, 75 ఓమ్‌ల టర్మినేటర్లు (ఖాళీ కాలును మూసే రెసిస్టర్ మూతలు) రెండు అడగండి. స్ప్లిటర్ మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని అచ్చు ఉండాలి. డిష్ యాంటెన్నాకు వాడే 950–2150 రకం ఇక్కడ పనికిరాదు. టర్మినేటర్‌ను మల్టీమీటర్‌తో చూసి మరీ కొనండి, లోపల రెసిస్టర్ లేని ఉత్త మూతలు కూడా అదే పేరుతో అమ్ముతుంటారు. ఎస్ఎంఏ–ఎఫ్ అడాప్టర్లు రెండు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

మీటరు పీవీసీ పైపును రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద అడ్డంగా పెట్టి, 50 సెంటీమీటర్ల ఎడంతో రెండు డైపోల్‌లను (రెండేసి రాగి చేతుల యాంటెన్నాలను) నిలువుగా కట్టండి. 433.5 మెగాహెర్ట్జ్‌కు ఒక్కో రాగి చెయ్యి 16.4 సెంటీమీటర్లు. డైపోల్ సహజంగానే 73 ఓమ్‌లు కాబట్టి టీవీ కేబుల్‌తో దానికి పేచీ లేదు. కేబుల్ డైపోల్‌కు తగిలే చోట ఫెరైట్ క్లిప్ వేయండి. లేకపోతే కేబుల్ పైతొడుగు కూడా యాంటెన్నా అయి కూర్చుంటుంది, మీరు చెయ్యి పెట్టినప్పుడల్లా గీత కదులుతుంది.

నానోవీఎన్ఏ మొదటి పోర్టు నుంచి మొదటి స్ప్లిటర్‌కు రండి. దాని ఒక కాలు పంపే డైపోల్‌కు, రెండోది అటెన్యుయేటర్, కేబుల్ మీదుగా రెండో స్ప్లిటర్‌కు. ఈ రెండోదాన్ని తిరగేసి వాడుతున్నాం: కేబుల్ దారీ వినే డైపోలూ దాని రెండు కాళ్లకు వస్తాయి, ఉమ్మడి కాలు రెండో పోర్టుకు పోతుంది.

ముందు రెండు దారులనూ విడివిడిగా కొలవాలి. కేబుల్ దారి ఊడదీసి, ఖాళీ అయిన రెండు స్ప్లిటర్ కాళ్లకు టర్మినేటర్లు బిగించి, 428–438 మెగాహెర్ట్జ్ మధ్య గాలి దారి డీబీ, ఫేజ్ (తరంగం ఎన్ని డిగ్రీలు తిరిగిందో), డిలే (ఆలస్యం) మూడూ రాసుకోండి. తర్వాత డైపోల్‌ల చోట టర్మినేటర్లు పెట్టి కేబుల్ దారి కొలవండి. స్ప్లిటర్ల నష్టం రెండింటికీ ఒకటే కాబట్టి, అటెన్యుయేటర్ దాదాపు డైపోల్‌ల మధ్య నష్టమంత, అంటే 16–20 డీబీ చోట ఆగుతుంది.

అసలు మెలిక డిలేలో ఉంది. 50 సెంటీమీటర్ల గాలికి 1.67 నానోసెకండ్లు, కాబట్టి ఆర్‌జీ-6లో 42 సెంటీమీటర్లు చాలనిపిస్తుంది. చాలవు. ఫీడరు కేబుళ్లు ఉన్నాయి, పైగా డైపోల్ తానూ కొంత ఆలస్యం కలుపుతుంది. టేపు మాట వదిలేసి డిలే ట్రేస్ చెప్పిందే నమ్మండి. ఈ కేబుల్‌లో ఒక నానోసెకండ్ అంటే సుమారు 25 సెంటీమీటర్లు.

రెండు దారుల ఫేజ్ తేడా 180 డిగ్రీలు రావాలి. అందుకోసం అరతరంగం కేబుల్ అదనంగా కలిపేయకండి. వినే డైపోల్‌ను తలకిందులు చేస్తే ఆలస్యం ఏమీ పెరగకుండానే గుర్తు మారిపోతుంది. ఏ వైపు తిప్పితే తక్కువ దిద్దుబాటు పడుతుందో ఆ వైపు ఉంచండి.

ఇక రెండూ కలపండి. ఎఫ్ కనెక్టర్ ఉన్న కేబుల్‌ను మిల్లీమీటర్ల లెక్కన కోయడం తలనొప్పి. దాని బదులు వినే డైపోల్‌ను పైపు మీద జరపండి, 2 మిల్లీమీటర్లకు ఒక డిగ్రీ. ఒకసారి డైపోల్, ఒకసారి అటెన్యుయేటర్, మళ్లీ డైపోల్. 0.1 డీబీ, ఒక డిగ్రీ తేడాలోకి తెస్తే 33 డీబీ అణుగుతుంది. అటెన్యుయేటర్ 0.5 డీబీ తప్పితే 24కు పడిపోతుంది. −60 కింద గీత గరుకుగా ఎగురుతుంటే అది నానోవీఎన్ఏ సొంత రొద, ఇక దిగదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 433.5 దగ్గర గీతలో లోతైన గుంట కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. కేబుల్‌ను మూడు తరంగాలు, అంటే 172 సెంటీమీటర్లు పొడుగు చేసి చూడండి. పొడుగుకు తగ్గ నష్టాన్ని అటెన్యుయేటర్‌లో సరిచేస్తే నడిమధ్యలో గుంట అంతే లోతుగా వస్తుంది! 5 మెగాహెర్ట్జ్ పక్కకు జరిగితే మాత్రం 13 డీబీయే మిగులుతుంది. డిలే 1 నానోసెకండ్ లోపు కలిపితే అదే చోట 30 దాకా దొరుకుతుంది. గుంట లోతును కాదు, 25 డీబీ దగ్గర దాని వెడల్పును కొలవండి.

గదిలో చేస్తే ఫ్యాన్ ఆపండి. తిరిగే రెక్కల ప్రతిఫలనానికి గుంట పైకీ కిందికీ ఊగుతుంది. ఇనప బీరువా కదలదు కానీ 3 మీటర్ల దూరాన ఉన్నా 20 నానోసెకండ్ల ఆలస్యంతో ప్రతిధ్వని పంపుతుంది. దాన్ని ఒక్క కేబుల్ దారి వెడల్పంతా కొట్టేయలేదు. మిద్దె మీదికి ఎక్కితే గోడల బాధ తప్పుతుంది గానీ, అనంతపురం ఆషాఢం గాలికి డైపోల్ 2 మిల్లీమీటర్లు ఊగినా డిగ్రీ పోయినట్టే. తాళ్లతో బిగించి, తెల్లవారుజామున గాలి అణిగినప్పుడు కొలవండి.

వచ్చే పాఠంలో ప్రతిధ్వనుల కోసం అంకెల ఫిల్టర్ రాస్తాం. బీరువా ఉన్న గదిలో ఒకటి, మిద్దె మీద ఒకటి, గుంట కుదిరాక రెండు ఎస్2పీ ఫైళ్లు (నానోవీఎన్ఏ కొలతల ఫైళ్లు) దాచి ఉంచండి. ఫిల్టర్‌కు ఎన్ని ట్యాప్‌లు (ఆలస్యపు మెట్లు) కావాలో వాటి నుంచే లెక్క కడతాం.